ముసురులో సైకిలు ఆగాలంటే

(కాకినాడలో, రోజూ ఊళ్ళో సైకిలు తొక్కేవారి కోసం చేసిన ప్రసంగం. చిన్న చిన్న సవరణలతో రాతలోకి తెచ్చిన పాఠం.)

అందరికీ నమస్కారమండి.

ఊళ్ళో తిరగడానికి ఏ బ్రేకున్న సైకిలు మంచిదని అడిగితే ఇప్పుడు ఎవరి నోటైనా వచ్చే మాట డిస్కు బ్రేకు. షాపులో అదే చూపిస్తారు, పిల్లలూ అదే కావాలంటారు. ఆ ప్రశ్నని నేను కొంచెం మార్చి అడగమంటాను. రోడ్డు పొడిగా ఉంటే, సరిగ్గా బిగించిన ఏ బ్రేకైనా ఊళ్ళో తొక్కే వేగానికి ఆపేస్తుంది. తేడా తెలిసేది వానలో. లీవరు నొక్కాక చక్రం రెండు మూడు చుట్లు తిరిగేలోపు ఏది పట్టుకుంటుంది, ఏది జారిపోతుంది? మన డెల్టాలో బ్రేకుని తూచాల్సింది అక్కడండి.

మన వాతావరణం మీకు చెప్పక్కర్లేదు. జూన్‌లో నైరుతి దిగితే సెప్టెంబరు దాకా జల్లులే. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిందంటే రోజుల తరబడి ముసురు. నేల చూస్తే ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా చదును. దిగుడు అంటే వంతెనలే. ఇక్కడ జగన్నాథపురం వంతెన, అక్కడ రాజమండ్రి, కొవ్వూరు మధ్య 1974 నుంచి నడుస్తున్న రోడ్డు-రైలు వంతెనకి రెండు కొసల్లో ఉన్న వాలు, ఊరూరా కాలువల మీద కట్టిన చిన్న వంతెనలు. మారేడుమిల్లి ఘాటు దిగేవాళ్ళకి బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గడం పెద్ద సమస్య. మనకి వేడి కాదు, నీళ్ళు. పైగా కాలువ గట్టు రోడ్డు మీద ఎదురుగా ఏదైనా వస్తే తప్పుకోడానికి పక్కన చోటుండదు. ఆగాల్సిందే.

ఇప్పుడు కొంచెం లెక్క. గంటకి 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. గేదె అడ్డం వచ్చిందని చూసి, చేయి లీవరు నొక్కేసరికి ఒక సెకను పడుతుందనుకోండి, అక్కడికే ఐదున్నర మీటర్లు వెళ్ళిపోయాం. ఆ తర్వాత మొదలవుతుంది బ్రేకు పని. రెండు బ్రేకులూ బాగుండి, ప్రతి సెకనుకీ సెకనుకి 4 మీటర్ల చొప్పున వేగం తగ్గిస్తే ఇంకో 4 మీటర్లలో ఆగుతాం. వెనక బ్రేకు ఒక్కటే వేస్తే ఆ తగ్గింపు రెండున్నర దాటడం కష్టం, 6 మీటర్లు పైనే పడుతుంది. అదే తడిసిన స్టీలు రిమ్ము, అంటే టైరు కూర్చునే చట్రం మీద అరిగిపోయిన బ్రేకు రబ్బరు అయితే తగ్గింపు ఒకటికి పడిపోవచ్చు. అప్పుడు 15 మీటర్లు దాటుతుంది. పెద్ద సైకిలు చక్రం ఒక చుట్టుకి సుమారు 2 మీటర్ల 20 సెంటీమీటర్లు వెళ్తుంది కాబట్టి, చక్రం ఏడు చుట్లు తిరిగాక గానీ ఆగదన్నమాట. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది, అదీ గుర్తుంచుకోండి.

ఈ లెక్కలో వెనక బ్రేకుకీ రెండు బ్రేకులకీ అంత తేడా ఎందుకు? బ్రేకు వెయ్యగానే మన బరువు ముందుకి మళ్ళుతుంది. ముందు టైరు రోడ్డుకి ఇంకా గట్టిగా అదుముకుంటుంది, వెనక టైరు తేలికవుతుంది. తేలికైన టైరుని ఎంత గట్టిగా పట్టినా అది తిరగడం మానేసి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది తప్ప ఆపదు. కాబట్టి ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. అలాంటి ముందు బ్రేకునే మనవాళ్ళు పీకేయిస్తారు! ఎన్ని సైకిళ్ళకి ముందు బ్రేకు రాడ్లు ఊడి ఉంటాయో ఈ సభ బయట నిలబెట్టినవాటినే ఒకసారి చూడండి. మడ్‌గార్డుకి తగిలి చప్పుడు చేస్తోందనో, ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతామనో తీయించేస్తారు.

బోర్లా పడడం గురించి సరిగ్గా తెలుసుకోవాలి. ముందు బ్రేకు ఒక్కసారిగా లాగి, చేతులు వదులుగా ఉండి, ఒళ్ళు ముందుకి తూలితే పడతాం. బ్రేకుతో పాటు ఒళ్ళు కూడా ఆగాలి. అంటే మోచేతులు బిగించి, సీటు మీద కాస్త వెనక్కి జరిగి, లీవరుని ఒక సెకను సేపట్లో మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కాలి. వెనక చక్రం తేలుతున్నట్టనిపిస్తే ముందు లీవరు కొద్దిగా వదలాలి. వెనకది అప్పుడు తోడుగా ఉంటుంది. చక్రం వంకరగా తిప్పి ఉన్నప్పుడు, మలుపు మధ్యలో, ముందు బ్రేకు గట్టిగా వెయ్యకూడదు. మలుపుకి ముందే, సైకిలు నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించేసుకోవాలి. ఖాళీ మైదానంలో ఒక సాయంత్రం ఇది సాధన చేస్తే చేతికి వచ్చేస్తుంది. మన సైకిళ్ళలో మామూలుగా కుడిచేతి లీవరు ముందు చక్రానిది. బయటి దేశాల పద్ధతిలో బిగించిన కొన్ని సైకిళ్ళలో ఎడమచేతికి ఉంటుంది. కాబట్టి వేరేవాళ్ళ సైకిలు ఎక్కేముందు ఏ లీవరు దేనిదో నొక్కి చూసుకోండి.

సరే, ఇక రకాలు. ముందుగా మన పెద్ద సైకిలు, రాడ్ బ్రేకుది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనిపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలై, పాత ఇంగ్లీషు నమూనాలోనే లక్షల సైకిళ్ళు తయారుచేశాయి. 28 అంగుళాల చక్రం, స్టీలు రిమ్ము, లీవరు నుంచి కీళ్ళ మీదుగా నడిచే ఇనప రాడ్లు. లీవరు నొక్కితే రాడ్డు యు ఆకారంలో ఉన్న కమ్మీని పైకి లాగుతుంది. ఆ కమ్మీ రెండు కొసలకీ ఉన్న రబ్బర్లు రిమ్ము పక్కలకి కాకుండా లోపలి వైపుకి, అంటే ఇరుసు వైపు చూసే ముఖానికి ఒరుసుకుంటాయి. ఇందులో మంచి గుణాలున్నాయి. కేబులు లేదు కాబట్టి లోపల తుప్పు పట్టి బిగుసుకుపోవడం, తీగ తెగిపోవడం ఉండవు. గుంటలో పడి చక్రం పక్కకి వంగినా బ్రేకు పెద్దగా చెడదు. ఏ ఊళ్ళోనైనా, ఏ మేస్త్రీ అయినా పానా ఒకటి ఉంటే బాగుచేస్తాడు.

బలహీనత ఒక్కటే, అయితే అది చాలా పెద్దది. స్టీలు రిమ్ము మీద క్రోమియం పూత నున్నగా ఉంటుంది. వాన పడితే దాని మీద నీటి పొర నిలుస్తుంది, రబ్బరు ఆ పొర మీద తేలుతుంది. పొడిలో ఉన్న పట్టు తడిలో ఎన్నో వంతులు తగ్గిపోతుంది. రబ్బరు ఆ నీళ్ళని తుడిచి, రిమ్ముని చేరుకోడానికి కొన్ని చుట్లు పడుతుంది. వాన పడుతూనే ఉంటే ప్రతి చుట్టుకీ కొత్త నీళ్ళు వస్తూనే ఉంటాయి. అందుకని వానలో పెద్ద సైకిలు తొక్కేవాళ్ళు ఆగాల్సిన చోటు కంటే చాలా ముందే రెండు లీవర్లూ తేలిగ్గా ఒరిపించుకుంటూ రావాలి. వంతెన మీద నుంచి దిగేటప్పుడైతే పైనుంచే. రిమ్ము తుడుచుకున్నాక, రబ్బరు గరగరమన్న శబ్దంతో పట్టు చేతికి తెలుస్తుంది. ఆ తర్వాతే గట్టిగా నొక్కడం.

రాడ్ బ్రేకులో మనం సరిచెయ్యగలిగినవి కొన్ని చెబుతాను, మేస్త్రీలు కూడా వినండి. రబ్బర్లు ఎండిపోయి గాజులా మెరుస్తుంటే గరుకు కాగితంతో పై పొర తీసేయండి, గాళ్ళు కనిపించకుండా అరిగితే మార్చేయండి. అది సైకిలు మీద అతి తక్కువ ఖర్చయ్యే మరమ్మతు. రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు 2 మిల్లీమీటర్లకి మించకూడదు. సందు పెరిగితే రాడ్డు జోడించే నట్టు వదులుచేసి, రాడ్డుని కొంచెం జరిపి బిగించడమే. రబ్బరు కూర్చునే ఇనప తొట్టికి ఒక కొస మూసి, ఒక కొస తెరిచి ఉంటే మూసిన కొస చక్రం తిరిగే దిక్కుకే ఉండాలి. తిరగేసి బిగిస్తే గట్టిగా బ్రేకు వేసిన మొదటిసారే రబ్బరు తెరిచిన కొసలోంచి జారి బయటపడుతుంది. ఇది ప్రాణం మీదికి వచ్చే తప్పు. కొత్త రబ్బర్లు వేయించుకున్న ప్రతిసారీ మీ కళ్ళతో మీరు చూసుకోండి. ఇంకొకటి, ఈ బ్రేకుకి చక్రం పక్కలకి బెండు ఉన్నా ఫర్వాలేదు గానీ పైకీ కిందకీ ఎగరకూడదు. గుండ్రం చెడితే చుట్టుకోసారి పట్టి వదులుతూ ఉంటుంది. పుల్లలు బిగించి ఆ ఎగుడు తీయించాలి. రిమ్ము మీద నూనె మరకలుంటే సబ్బు నీళ్ళతో కడిగి, పొడి గుడ్డతో తుడవండి.

ఈ బ్రేకున్న సైకిళ్ళు వదిలెయ్యమని చెప్పడం లేదండి. మన దగ్గర ఎంతోమంది బతుకు వాటి మీదే నడుస్తోంది. ముందు బ్రేకు మళ్ళీ పెట్టించుకోండి, ముసురులో వేగం సగం చేసుకోండి. ఆ రెండూ చేస్తే చాలా మారుతుంది.

రెండోది కాలిపర్ బ్రేకు. రెండు చేతులు ఒకే ఇరుసు మీద తిరుగుతూ, రిమ్ముని రెండు పక్కల నుంచి పటకారులా పట్టుకునేది. లేడీస్ సైకిళ్ళకీ, చిన్నపిల్లల వాటికీ ఎక్కువగా ఇదే. చవక రకాల్లో చేతులు పల్చటి రేకువి. టైరు లావుగా ఉంటే ఆ చేతులు పొడుగు అవ్వాలి, పొడుగైతే నొక్కినప్పుడు వంగుతాయి, మన చేతి బలం రిమ్ము దాకా వెళ్ళకుండా వంగడంలోనే పోతుంది. తరచూ వచ్చే ఫిర్యాదు ఒక రబ్బరు ఎప్పుడూ రిమ్ముకి ఒరుసుకుంటుందని. నడిమి ఇరుసు నట్టు వదులుచేసి, మొత్తం బ్రేకుని తిప్పి, రెండు వైపులా సందు సమానం చేసి బిగిస్తే పోతుంది. అంతకు మించి దీని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కొనేటప్పుడు చేతులు అల్యూమినియంవి ఉన్నవి చూసుకోండి.

మూడోది వి-బ్రేకు. నా మాట అడిగితే మన ఊళ్ళకి, మన జేబులకి సరిపోయేది ఇదే. దీన్ని సైకిలు భాగాలు చేసే జపాను కంపెనీ షిమానో 1996లో ఆ పేరుతో తెచ్చింది. ముందు చక్రానికి ఫోర్కు రెండు కాళ్ళ మీదా, వెనక చక్రానికి ఫ్రేము మీదా పొడవాటి చేయి చెరొకటి విడిగా నిలబడి ఉంటుంది, పైన కేబులు ఆ రెండింటినీ దగ్గరికి లాగుతుంది. చేయి పొడుగ్గా ఉండి, కింద గట్టిగా నాటి ఉండడం వల్ల తక్కువ చేతి బలానికే గట్టి పట్టు వస్తుంది. కానీ ఆ పట్టు అల్యూమినియం రిమ్ము మీదే. అల్యూమినియం తడిసినా రబ్బరుకి స్టీలు కన్నా చాలా బాగా దొరుకుతుంది, ఒకటి రెండు చుట్లలో తుడుచుకుని పట్టేస్తుంది. స్టీలు రిమ్ముకి వి-బ్రేకు పెట్టినా వానలో స్టీలు స్టీలే. కాబట్టి షాపుకి వెళ్ళేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం వేసుకెళ్ళండి. రిమ్ముకి అంటుకుంటే స్టీలు, అంటుకోకపోతే అల్యూమినియం. పెయింటు చూసి చెప్పలేం, అయస్కాంతం చెబుతుంది.

వి-బ్రేకు లీవరు వేరు, కాలిపర్ లీవరు వేరు. వి-బ్రేకు లీవరు దాదాపు రెట్టింపు తీగని లాగుతుంది. కాలిపర్ లీవరుకి వి-బ్రేకు తగిలిస్తే తీగ చాలినంత రాక, లీవరు హ్యాండిలుకి తగిలినా రబ్బరు సరిగ్గా అదమదు. వి-బ్రేకు లీవరుకి కాలిపర్ బ్రేకు తగిలిస్తే లీవరు రాయిలా గట్టిగా ఉంటుంది, బ్రేకు మాత్రం పట్టదు. లీవరు విరిగితే షాపులో ఏదో ఒకటి వేసి పంపించేస్తుంటారు, అక్కడ అడిగి తీసుకోవాలి.

బిగింపు ఇలా. రబ్బరు రిమ్ము పక్క మధ్యలో ఆనాలి. పైకి పోయి టైరుకి తగిలితే కొన్నాళ్ళకి టైరు పక్క కోసుకుపోయి ట్యూబు పేలుతుంది. కిందకి జారితే ఒకరోజు రిమ్ము కిందకి దూరి పుల్లల్లో పడుతుంది. రబ్బరు వెనక కొసకీ రిమ్ముకీ మధ్య విజిటింగ్ కార్డు మడిచి పెట్టి, లీవరు నొక్కి పట్టుకుని, రబ్బరు నట్టు బిగించండి. కార్డు తీసేస్తే ముందు కొస ఒక మిల్లీమీటరు దగ్గరగా ఉంటుంది, కీచుమనదు. రెండు పక్కలా సందు ఒకటి నుంచి 2 మిల్లీమీటర్లు. ఒక చేయి దూరంగా, ఒక చేయి దగ్గరగా ఉంటే చేతి కింద పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, అది స్ప్రింగు బిగువు. దగ్గరగా ఉన్న వైపు స్క్రూని పావు చుట్టు చొప్పున బిగిస్తూ, లీవరు నొక్కి వదిలి చూస్తూ పోవాలి.

ఇక పంక్చరు గురించి. చక్రం తీయడానికి వి-బ్రేకు పైన ఉన్న వంగిన గొట్టాన్ని దాని గూట్లోంచి తప్పిస్తారు. పంక్చరు వేసి, చక్రం పెట్టి, గొట్టం తిరిగి తగిలించడం మర్చిపోతే బ్రేకు అసలు ఉండదు. పంక్చరు షాపు నుంచి సైకిలు తీసుకున్నాక ఎక్కకముందే రెండు లీవర్లూ నొక్కండి. ఇది అలవాటు చేసుకోండి.

మన దగ్గర వి-బ్రేకుని చంపేది తుప్పు. సముద్రపు గాలి తగిలే కాకినాడ, నరసాపురం వైపు కేబులు లోపల ఉప్పు తేమ చేరి, తీగ కవరులో బిగుసుకుపోతుంది. లీవరు నొక్కితే బరువుగా ఉండి, వదిలితే తిరిగి రాకపోతే అదే గుర్తు. నూనె చుక్కలు వేస్తే కొన్నాళ్ళు నడుస్తుంది గానీ ఏడాదికోసారి, వానలకు ముందు మే నెలలో, లోపలి తీగా బయటి కవరూ రెండూ కలిపి మార్చడమే సరైన పని. లీవరు దగ్గర తీగ గుండు కింద ఒక పోగు తెగి కనిపించినా ఆ రోజే మార్చాలి. మిగతా పోగులు తెగేది గట్టిగా బ్రేకు వేసినప్పుడే, అంటే అవసరమైన క్షణంలోనే. రబ్బర్లలో మెరిసే అల్యూమినియం పొళ్ళు, రాళ్ళు గుచ్చుకుని ఉంటాయి, సూదితో తీసేయండి. లేకపోతే అవి రిమ్ముని కోస్తాయి. రిమ్ము పక్క వేలితో తడిమితే లోపలికి గుంటపడినట్టు ఉంటే రిమ్ము అరిగిందని అర్థం. బాగా అరిగిన రిమ్ము ట్యూబు గాలి ఒత్తిడికే చీలిపోతుంది.

నాలుగోది డ్రమ్ము బ్రేకు. హబ్బు, అంటే చక్రం నడిమి భాగం లోపల మూసిన డబ్బాలో రెండు షూలు విచ్చుకుని పట్టేది, మోపెడ్లలో చూసే ఉంటారు. వానకి, బురదకి దాదాపు సంబంధం లేకుండా పనిచేస్తుంది. ముసురు నేలకి ఇంతకంటే తగిన బ్రేకు లేదనే నా అభిప్రాయం. కానీ సైకిళ్ళకి మన షాపుల్లో అరుదు, బరువెక్కువ, పంక్చరు వేసేటప్పుడు చక్రం తీయడం పెద్ద పని. ఉన్నవాళ్ళు ఒకటే చూసుకోవాలి. హబ్బు నుంచి ఒక పట్టీ వచ్చి ఫోర్కుకి బిగిసి ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు డబ్బా చక్రంతో పాటు తిరగకుండా ఆపేది అదే. ఆ క్లిప్పు ఊడితే ఇరుసు మెలి తిరిగి, కేబులు చుట్టుకుని, చక్రం బిగుసుకుపోవచ్చు. పెడలు వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు కూడా ఉంది, అది వెనక చక్రానికే. చైను ఊడితే ఆ బ్రేకు కూడా పోయినట్టే, కాబట్టి ముందు చక్రానికి వేరే బ్రేకు ఉండాల్సిందే.

ఇక డిస్కు. చక్రం మధ్యలో స్టీలు పళ్ళెం, దాన్ని రెండు ప్యాడ్లు పట్టుకుంటాయి. రోడ్డు నీళ్ళకీ బురదకీ దూరంగా, పైన ఉంటుంది. ప్యాడ్లు పళ్ళేనికి సగం మిల్లీమీటరు లోపే ఉంటాయి, పళ్ళెంలో కన్నాలు నీటిని తోసేస్తాయి. అందుకే వానలోనూ మొదటి చుట్టులోనే పట్టు. రిమ్ము బెండు తిరిగినా పనిచేస్తుంది. మంచి డిస్కు మంచిదే. మన మార్కెట్లో చవక సైకిలుకి తగిలించిన డిస్కులు వేరే సంగతి. డిస్కులో ప్యాడ్లు కూర్చునే భాగాన్ని కూడా కాలిపరే అంటారు, కేబులుతో నడిచే చవక కాలిపరులో ఒక ప్యాడే కదులుతుంది, రెండోది కదలదు. కదలని ప్యాడు అరిగేకొద్దీ దాన్ని వెనక ఉన్న అలెన్ స్క్రూతో దగ్గరికి తేవాలి. ఆ సంగతి తెలియక ప్రతిసారీ కేబులు మాత్రమే బిగిస్తూ పోతే, కాలిపరు చేయి ముందే సగం తిరిగిపోయి, బలం లేక, పట్టు పోతుంది. డిస్కు బాగా పట్టట్లేదని వచ్చే సైకిళ్ళలో ముందుగా చూడాల్సింది ఇదే.

కొత్త డిస్కు మొదటిరోజే పట్టదు. ఖాళీ రోడ్డు మీద గంటకి 15, 20 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ, చక్రం పూర్తిగా బిగుసుకోకుండా నడక వేగానికి తగ్గించి, మళ్ళీ వేగం పెంచి, ఒక్కో బ్రేకుకి ఇరవైసార్లు ఇలా చెయ్యాలి. ప్యాడు పొర పళ్ళేనికి సమంగా పట్టాక అసలు పట్టు వస్తుంది. షిమానో లెక్క ప్రకారం కొత్త పళ్ళెం మందం 1.8 మిల్లీమీటర్లు, 1.5కి వస్తే మార్చాలి. ప్యాడు మీద పదార్థం సగం మిల్లీమీటరుకి వస్తే మార్చాలి. రోడ్డు మీద ఒండ్రు బురద ఉండే వానాకాలంలో మెత్తటి ప్యాడ్లు చాలా తొందరగా అరుగుతాయి, నెలకోసారి టార్చి వేసి చూడండి.

డిస్కుకి పెద్ద శత్రువు నూనె. దసరాకి ఆయుధ పూజ చేసేటప్పుడు సైకిలంతా నూనె గుడ్డతో తళతళలాడేలా తుడుస్తాం, పసుపు కుంకుమ పెడతాం. పసుపు కుంకుమ హ్యాండిలుకి పెట్టండి, పళ్ళేనికి మాత్రం వద్దు. చైనుకి నూనె కొట్టే స్ప్రే తుంపరలు పడినా ప్యాడు నూనె పీల్చేసుకుంటుంది, ఇక అది పట్టదు, కీచుమంటుంది. పళ్ళేన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవొచ్చు, నూనె పీల్చిన ప్యాడు మాత్రం మార్చాల్సిందే. ఇంకో శత్రువు స్కూలు సైకిల్ స్టాండు. పక్క సైకిలు పెడలు గుద్ది పళ్ళెం వంగిపోతుంది. డిస్కున్న వైపు పక్కన సైకిలు ఆనకుండా పెట్టమని పిల్లలకి చెప్పండి. ఆయిలుతో నడిచే డిస్కు అయితే, కొన్నిటికి మినరల్ ఆయిలు, కొన్నిటికి డాట్ రకం ఆయిలు. ఒకదాని బదులు ఒకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు పాడవుతాయి. లీవరు మూత మీద ఏది రాసుందో అదే పోయాలి. ఆయిలు మార్చి గాలి తీసే మేస్త్రీ మీ ఊళ్ళో ఉన్నాడో లేడో చూసుకుని ఆ రకం కొనండి.

బరువుల మాట కూడా చెప్పాలి. మనిషి 60 కిలోలు, సైకిలు 20, మొత్తం 80. క్యారేజీ మీద 50 కిలోల బియ్యం బస్తా వేస్తే 130. బ్రేకు పట్టే బలం అంతే ఉంటుంది, ఆపాల్సిన బరువు పెరిగింది. ఆగే దూరం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కొబ్బరి గెలలు, పాల క్యాన్లు, అరటి గెలలు కట్టుకుని వంతెన దిగేవాళ్ళు ఈ లెక్క మనసులో పెట్టుకోవాలి. వెనక బరువుంటే వెనక టైరు తేలిపోదు కాబట్టి అప్పుడు వెనక బ్రేకు కూడా బాగా పనిచేస్తుంది. రెండూ గట్టిగా వాడండి.

ఏ బ్రేకూ కాపాడలేని చోట్లు కొన్నున్నాయి. కోతలప్పుడు రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద బ్రేకు వేస్తే టైరు కింద అవి దొర్లుతాయి, చక్రం క్షణంలో పక్కకి పోతుంది. ధాన్యం ఎక్కకముందే వేగం తగ్గించి, ఎక్కాక హ్యాండిలు నిటారుగా పట్టుకుని, బ్రేకు ముట్టుకోకుండా దాటాలి. భీమవరం వైపు చేపల లారీల నుంచి కారిన నీళ్ళ జాడలు, దమ్ము చేసొచ్చిన ట్రాక్టరు చక్రాల బురద కూడా అలాంటివే. రైలు గేటు దగ్గర పట్టాలని అడ్డంగా, నిటారుగా దాటాలి. తడి పట్టా మీద వాలుగా వెళ్తూ బ్రేకు వేస్తే పడిపోవడం ఖాయం.

మీ బ్రేకు ఎంత బాగుందో మీరే కొలుచుకోవచ్చు. మైదానంలో 25 మీటర్లు కొలిచి రెండు గీతలు గీయండి. ఆ దూరం 6 సెకన్లలో దాటితే గంటకి 15 కిలోమీటర్లు. రెండో గీత దగ్గర రెండు బ్రేకులూ వేసి ఎక్కడ ఆగారో అడుగులు వేసి చూడండి. పొడిలో 3 మీటర్ల లోపు ఆగితే బాగున్నట్టు, 4 మీటర్లు దాటితే పని చేయించాలి. తర్వాత రెండు రిమ్ములకీ మగ్గుతో నీళ్ళు పోసి మళ్ళీ చెయ్యండి. ఆ రెండు దూరాల తేడానే మీ సైకిలు వానాకాలపు లెక్క. ఇంట్లో అయితే సైకిలు పక్కన నిలబడి, ముందు లీవరు నొక్కి ముందుకి తోయండి, వెనక చక్రం లేవాలి. వెనకది నొక్కి తోస్తే వెనక టైరు ఈడ్చుకురావాలి. లీవరు పూర్తిగా నొక్కినా దానికీ హ్యాండిలుకీ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి.

(సభలోంచి ఒక తల్లి: మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ట్యూషనుకి చీకట్లో వస్తుంది. ఏది కొనమంటారు?)

అల్యూమినియం రిమ్ములు, రెండు చక్రాలకీ వి-బ్రేకులు ఉన్నది కొనండమ్మా. ఇంకొకటి, లీవరు పాప వేళ్ళకి అందుతోందో లేదో షాపులోనే చూడండి. చిన్న చేతులకి లీవరు దూరమైతే వేళ్ళ కొసలే ఆనతాయి, బలం రాదు. చాలా లీవర్లకి లోపలి వైపు చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే లీవరు హ్యాండిలుకి దగ్గరవుతుంది. దగ్గర చేశాక కేబులు మళ్ళీ సరిచేయించండి.

(ఇంకొకరు: వరద నీళ్ళలో చక్రాలు మునిగితే బ్రేకుకి ఏమవుతుంది?)

రిమ్ము బ్రేకుకి పెద్ద నష్టం లేదండి. రిమ్ములు కడిగి, రబ్బర్లలో ఇసుక తీసేసి, కేబుళ్ళు ఊడదీసి ఆరబెట్టి మళ్ళీ బిగించాలి. హబ్బులో మాత్రం నీళ్ళు దిగి ఉంటాయి. గుళ్ళు తీసి, కిరసనాయిలుతో కడిగి, కొత్త గ్రీజు పెట్టించండి. డ్రమ్ము బ్రేకు అయితే డబ్బా తెరిచి షూలు ఎండబెట్టండి, ఆ గ్రీజు షూల మీదికి రాకుండా చూడండి. డిస్కు అయితే పళ్ళెం మంచినీళ్ళతో కడిగి, ప్యాడ్లు తీసి మట్టి తుడిచి పెట్టండి. ఆ తర్వాత మొదటిసారి తొక్కేటప్పుడు ఇంటి ముందరే రెండు బ్రేకులూ పదిసార్లు వేసి చూసి, అప్పుడు రోడ్డెక్కండి.